నెలలో దాగిన చందమామ

చంద్రుని జూపి "అదిగో నెల" యని బిడ్డకు చెప్పు తెలుగు తల్లి నేడు లేదు. నెల యనగా ముప్పది దినములు. జీతము చేతికి వచ్చు గడువు, వడ్డీ లెక్కకు ఆధారము, అద్దె చెల్లింపవలసిన మితి. అయినను పద్యపాఠమున "నెలవంక" వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు "చంద్రరేఖ" యని అర్థము చెప్పును. విద్యార్థి దానిని పుస్తకమున వ్రాసికొని కంఠస్థము చేయును. ముప్పది దినములకు వంక యెట్లు వచ్చినదని యడుగు బాలుడు తరగతికి ఒక్కడైన నుండుట మేలు. ఆ ప్రశ్నకు సమాధానములో సగము చిత్తూరు, తిరుపతి జిల్లాల పొలిమేరలలోనే దొరకును. తక్కిన సగమునకై సముద్రములు దాటి వేల్సు దేశము వరకు పోవలసియున్నది.

ఈ సీమ మూడు భాషల కూడలి. నగరి, సత్యవేడు ప్రాంతములనుండి కొంత దూరము నడచిన తమిళము వినబడును. పలమనేరు, పుంగనూరులకు పడమట కన్నడము. కుప్పములో ఒక్క బేరమే మూడు భాషలలో నడచుట వింత కాదు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును నెలకొల్పుటకు ఆ యూరు తగినదగుటకు ఈ కూడలియే కారణము. ఇచట పెరుగు పిల్లల చెవిని చంద్రునికి పలు పేర్లు సోకుచుండును. ఇంట "చందమామ", "జాబిల్లి". పొరుగున తమిళుల యింట "నిలా". కన్నడిగుల నోట "చంద్ర". కాని వెన్నెలకు మాత్రము వారు "బెళదింగళు" అందురు. ఈ చివరి మాటను గుర్తుంచుకొనవలెను. దానితో పని యున్నది.

"నిలా" విన్న తెలుగు బాలుడు అది అరవ మాట, తనకు సంబంధింపనిది అని తలచును. పెద్దలలోను పెక్కురు అట్లే తలతురు. నిజమునకు అది తన నాలుకపై దినమునకు పదిమార్లు ఆడు మాటయే. తమిళమున మొదటి అక్షరమున ఇకారముండి తరువాతి అక్షరము అకారముతోనో ఐకారముతోనో కూడియున్నచోట, తెలుగున ఆ ఇకారమునకు మారుగా ఎకారము కనబడుట పరిపాటి. తమిళుల "విలై" తెలుగువారి "వెల". వారి "తిరై" వీరి "తెర". వారి "శిఱై" వీరి "చెఱ". ఈ వరుసలో "నిలా"ను చేర్చినచో "నెల" తనంత తానే వచ్చి నిలుచును. ఏదో ఒక మాట మరియొక మాటవలె వినబడినంత మాత్రమున చుట్టరికము సిద్ధింపదు. ఒకే మార్పు పెక్కు మాటలలో ఒకే తీరున జరిగినప్పుడే సిద్ధించును. భాషాశాస్త్రమున సాక్ష్యమనగా ఇదియే. పొలిమేర బడులలోని ఉపాధ్యాయులకు ఇట్టి సాక్ష్యమును సేకరింప గ్రంథాలయము అక్కరలేదు. రెండు భాషలు మాటలాడు విద్యార్థులు నలుగురున్న చాలును.

తెలుగు, తమిళ, కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, ఒక్క కుటుంబమునకు చెందిన తోబుట్టువులనియు మద్రాసు కలెక్టరుగా నుండిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే నిరూపించెను. ఆ వాదము అచ్చయినది కాంబెల్ దొర వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు పీఠికా భాగముగా నగుట తెలుగువారు గర్వింపదగిన విషయము. కాల్డ్వెల్ 1856లో దానిని పెద్ద గ్రంథముగా విస్తరించెను. 1961లో బరో, ఎమెనో పండితులు ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున తమిళ "నిలా"యు, తెలుగు "నెల"యు ఒకే శీర్షిక క్రింద చేరినవి. అంతకు ముందే, 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున నెల యను మాటకు చంద్రుడు, మాసము అను రెండర్థములును కలవు.

విద్యార్థులు ఒక పొరపాటు పడకుండ చూచుకొనవలెను. "నేల"కును "నెల"కును చుట్టరికము లేదు. నేలకు జోడు తమిళమున "నిలం". "నెలవు", "నెలకొల్పు" అను మాటలును చంద్రునివి కావు. అవి "నిలుచు" అను ధాతువు సంతానము. రూపము ఒకటే యైనంతలో ఒక యింటివారని చెప్పరాదు.

మరి తెలుగున నెలకు చంద్రార్థము నిజముగా నుండెనా? ఉండెననుటకు కావ్యభాషయే సాక్షి. "నెలరాజు", "నెలఱేడు", "నెలబాలుడు" అందరును చంద్రుడే. శివునికి "నెలతాలుపు" అను పేరు కలదు. తాల్చుట యనగా ధరించుట. శ్రీకాళహస్తి వెలసిన సీమలో, ధూర్జటి పుట్టిన గడ్డపై, ఈ పేరును వ్యాఖ్యానము లేక గ్రహింపగలవారు ఇప్పుడెందరుందురో! ముప్పది దినములను తలపై దాల్చిన దేవుడెవ్వరని బాలురు విస్తుపోవుట సహజము. నెల యనగా చంద్రుడని ఒక్కమారు తెలిసినచో ఈ పదములన్నియు ఒకేసారి విచ్చుకొనును.

అన్నిటికంటె సొగసైన సాక్షి "వెన్నెల". దీనిలో రెండు మాటలున్నవి. "వెల్" అనగా తెలుపు, రెండవది "నెల". తెల్లని చంద్రుడని మొదటి యర్థము; ఆ చంద్రుని వెలుగని తరువాత కుదిరిన యర్థము. ఆ తెలుపు ధాతువే వెల్లలో, వెండిలో, వెల్లుల్లిలో నున్నది. వెన్నలోను నున్నది. తమిళుల "వెణ్ణెయ్", కన్నడిగుల "బెణ్ణె", తెలుగువారి "వెన్న" మూడును "తెల్లని నేయి" యనునవే. వెన్నెలను వెన్నతో పోల్చు కవులు పోలికను కంటితో చూచియే చేసియుందురు. కాని ఆ రెండు మాటల మొదటి సగము నిజముగనే ఒక్కటియని తెలిసినచో వారు మరింత సంతసించియుందురు.

ఇప్పుడు "బెళదింగళు"ను పరీక్షింపవలెను. "బెళ్" అనగా తెలుపు. తెలుగు వకారమునకు కన్నడమున బకారము వచ్చుట వెన్న, బెణ్ణెలలో కనబడినదే. "తింగళు" అనగా నేటి కన్నడమున మాసము. తెల్లని మాసము వెన్నెల యెట్లగును? కాదు. పూర్వము "తింగళ్" అనగా చంద్రుడే. తమిళమున ఆ మాటకు నేటికిని చంద్రుడను అర్థమున్నది. సోమవారమునకు తమిళుల పేరు "తింగళ్" కిళమై. అనగా కన్నడిగుల చంద్రుడును తెలుగువారి చంద్రునివలెనే మాసములో దాగిపోయి, వెన్నెలలో మాత్రము మిగిలియున్నాడు. మాటలు వేరు, కథ ఒక్కటి. తమిళుల "నిలా"కు ఈ గతి పట్టలేదు. వారు మాసమునకు "తింగళ్" అనిరి, సంస్కృత మాసశబ్దమును "మాదం"గా మలచుకొనిరి. "నిలా" ఆకాశముననే నిలిచిపోయినది. పొరుగు భాష వినుటవలన లాభమిదియే. తన యింట పోయిన వస్తువు పక్కింట చెక్కు చెదరక కనబడును.

ఇట్టి మార్పు దక్షిణదేశమున మాత్రమే జరిగినదా యని విచారించునప్పుడు వేల్సు దేశము ప్రసక్తికి వచ్చును. అది బ్రిటను ద్వీపమునకు పడమటనున్న కొండల సీమ. అచటి భాష ఇంగ్లీషు కాదు. కెల్టు శాఖకు చెందిన ప్రాచీన భాష. భారతీయులకు దానితో ఒక చిత్రమైన సంబంధము కలదు. 1786 ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్సు ఉపన్యసించుచు, సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెననియు, కెల్టు భాషలును ఆ కుటుంబములోనివే యని తలచుటకు హేతువున్నదనియు చెప్పెను. ఆయన లండనులో పుట్టినవాడేగాని తండ్రి వేల్సువాడు, ఆంగ్లెసీ ద్వీపవాసి. గణిత విద్యార్థులకు ఆ తండ్రితో పరిచయమున్నది, పేరు తెలియకపోయినను. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తికి "పై" యను గ్రీకు అక్షరమును 1706లో తొలుత వాడినది ఆయనయే.

వేల్సు భాషలో చంద్రుని "ల్లెయద్" అందురు. మొదటి ధ్వని తెలుగున లేదు. "ల" పలుకుటకు నాలుకను ఆనించి, కంఠనాదము లేక ఊపిరిని నాలుక ప్రక్కలనుండి ఊదినచో అది వచ్చును. తరగతిలో పలికించిన కొంత నవ్వును, కొంత ధ్వనిశాస్త్రమును రెండును లభించును. ఇంకొక పేరు "ల్లొయిర్". అది నేడు కవుల సొమ్ము. కాని ఫ్రాన్సు దేశపు పడమటి కొనయందలి సోదర భాషయైన బ్రెటనులో దాని జోడు "లోఆర్" సామాన్య జనుల మాటగనే యున్నది. ఈ పేర్లకు మూలమున వెలుగను అర్థము కలదు. వేల్సువారు వెలుగును "గోలై" యందురు; "ల్లెయద్" దాని దగ్గరి చుట్టము.

అయితే చంద్రునికి ఆ కుటుంబమున మిక్కిలి పాతదైన పేరు వేరొకటి యుండెను. సంస్కృతమున అది "మాస్". వేదభాషలో మాస్ అనగా చంద్రుడును, మాసమును. కాలమును కొలుచువాడు గనుక, కొలుచుట యను అర్థముగల "మా" ధాతువునుండి ఆ పేరు పుట్టినదని పండితుల యభిప్రాయము. మానము, మాత్ర, పరిమాణము ఆ ధాతువు బిడ్డలే. ఇంగ్లీషులో "మూన్" చంద్రుడు, "మంత్" మాసము. ఆ అక్కచెల్లెండ్రు ఇంకను ఒకరినొకరు పోలియున్నారు. లాటినులో "మెన్సిస్" మాసమునకే పరిమితమై, చంద్రునికి వెలుగను అర్థముగల "లూనా" వచ్చినది. గ్రీకులోను అంతే; "మేన్" మాసమైనది, కాంతి యను మాటనుండి "సెలేనే" పుట్టి చంద్రుని స్థానము నాక్రమించినది. వేల్సు భాషలో ఆ పాత పేరు "మీస్"గా మిగిలినది. "మీస్" అనగా మాసము మాత్రమే. చంద్రుడు దానిని విడిచి "ల్లెయద్" అను కొత్త వస్త్రము ధరించెను.

సంస్కృతముననే చూచినను కథ వేరు కాదు. "చంద్ర" శబ్దమునకు మొదటి యర్థము మెరయునది యని. "చంద్రమస్" అనగా మెరయు మాస్. క్రమముగా విశేషణమే విశేష్యమును త్రోసివేసి "చంద్రుడు" గద్దెనెక్కెను. "మాస్" మాసమై పంచాంగమున పనిలో చేరెను. తెలుగువారి పంచాంగములోని మాసమును, వేల్సువారి మీసును ఏకోదరులు. తెలుగు నెలకు వారితో రక్తసంబంధమేమియు లేదు. కాని తలవ్రాత మాత్రము అచ్చముగా అదియే.

ఇట్లేల జరుగును? నెలతో జనులకు దినదినము పని. అప్పు, కౌలు, కూలి, గర్భము, వ్రతము అన్నియు దానితోనే లెక్క. ఒక్క మాట కాలమునకును కాంతిబింబమునకును ఇద్దరికి ఊడిగము చేయవలసివచ్చినప్పుడు, లెక్కలవారే దానిని తమవైపు లాగుకొందురు. ఆకాశమున నున్నవానిని స్పష్టముగా చెప్పుటకు మరియొక మాట కావలసివచ్చును. అప్పుడు జనులకు తోచునది ఆయన మెరుపే. ఇంత దూరపు భాషలు ఒకరిని చూచి ఒకరు నేర్చుకొనక, ఎవరికి వారే ఈ త్రోవన నడచుట చూడగా, ఇది మనుష్య స్వభావమున నున్న గుణమే యనిపించును. ఒక్క భేదము మాత్రము చెప్పవలెను. వేల్సువారు కొత్త పేరును తమ భాషలోని వెలుగునుండియే చేసికొనిరి. తెలుగున అట్టి మాట సిద్ధముగనే యుండెను. "వెన్నెల" చంద్రుడగుటకు అన్ని విధముల తగియుండెను. తమిళుల "వెణ్ణిలా" నేటికిని తెల్లని చంద్రుడే గదా! కాని తెలుగు వెన్నెల బింబమును విడిచి కాంతిగా ప్రవహించిపోయెను. ఖాళీయైన పీఠమును సంస్కృతమునుండి వచ్చిన చంద్రుడు అలంకరించెను. తిరుపతి చెంతనున్న కోటకును చంద్రగిరి యనియే పేరు. దీనికి విచారింప బనిలేదు; అయితే తెలుగువారికి చంద్రునికి సొంత పేరు లేదని పాఠము చెప్పుట మాత్రము తప్పు.

తెలుగు నెల తన పుట్టుకను పూర్తిగా మరువలేదనుటకు తిరుపతియే సాక్ష్యమిచ్చును. చైత్రాది తెలుగు మాసములు చంద్రునివి. అమావాస్య మరునాడు మొదలై అమావాస్యతో ముగియును. అమావాస్యనుండి అమావాస్యకు సగటున 29 దినముల 12 గంటల 44 నిమిషములు. తమిళ మాసములు సూర్యునివి, సంక్రమణముతో మొదలగును. ఉగాది ఏటేట జరుగుచుండ, తమిళ సంవత్సరాది ఏప్రిలు 14 ప్రాంతమున కదలక నిలుచును. తిరుమలలో ఈ రెండు గడియారములును కలిసి నడచును. చైత్ర శుద్ధ పాడ్యమినాడు ఉగాది ఆస్థానము చాంద్రము. జూలై నడుమ కర్కాటక సంక్రాంతికి జరుగు ఆణివార ఆస్థానము తమిళుల ఆణి మాసముతో ముడిపడినది. పూర్వము ఆలయపు వార్షిక జమాఖర్చులు ఆనాటినుండియే లెక్కింపబడెడివి. ధనుర్మాసమున సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై. పున్నమికి గరుడసేవ. పెరటాసి శనివారములకు కొండపై క్రిక్కిరియు భక్తులు సూర్యుని లెక్కను పాటించువారే.

పండ్రెండు చాంద్రమాసములు కలిసి 354 దినములు. సూర్యునికంటె సుమారు పదునొకండు దినములు వెనుకబడును. ఆ కొరతను తీర్చుటకు రెండున్నర యేండ్లకు మించిన కాలమున కొకసారి అధికమాసము వచ్చును. ఆ యేట తిరుమలేశునకు రెండు బ్రహ్మోత్సవములు. 2023లో అధిక శ్రావణము వచ్చినది; సెప్టెంబరున ఒక ఉత్సవము, అక్టోబరున మరియొకటి జరిగినవి. గోడకు వ్రేలాడు కాలెండరులోని 31 దినముల జూలైకిని చంద్రునికిని పొత్తు లేదు. కాని ఇంటి ఇల్లాలు "నెల తప్పినది", "నెలలు నిండినవి" అనునప్పుడు లెక్కించునది కాలెండరును గాదు. ఆ లెక్క నెలను నెలగా చూచిన కాలమునాటిది.

ఇక పిల్లల చంద్రుని సంగతి. "చంద" యనునది చంద్రునికి ప్రాకృత రూపము. దానికి "మామ" చేర్చినది తెలుగు లోగిలి. క్షీరసాగరమున లక్ష్మితోపాటు పుట్టినవాడు గనుక ఆమెకు సోదరుడు. లక్ష్మి లోకమాత గనుక లోకమునకంతటికి మేనమామ అని పెద్దలు సమన్వయము చెప్పుదురు. తిరుచానూరు అలమేలుమంగను అమ్మ యని పిలుచు ఈ సీమలో ఈ బంధుత్వమునకు వివరణమే అక్కరలేదు. కొండపై దినమును పారాయణమగు తమిళ ప్రబంధములో పెరియాళ్వారు బాలకృష్ణుని కొరకు చంద్రుని ఆడుకొన రమ్మని పిలిచెను. అచట చంద్రుని పేరు "అంబులి". తమిళ పిళ్ళైత్తమిళ్ కావ్యములలో శిశువుతో ఆడుకొన చంద్రుని పిలుచుట ఒక ప్రత్యేక ఘట్టమై, అంబులి పరువమని ప్రసిద్ధి కెక్కినది. ఆ స్వామి సన్నిధినే పదకవితాపితామహుడు తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) చందమామను, జాబిల్లిని ఒక్క పల్లవిలో నిలిపి పిలిచెను. ఇరువురి కోరికయు ఒక్కటే. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణులు మద్రాసునుండి పిల్లల మాసపత్రికను రెండు భాషలలో ప్రారంభించి, తెలుగున "చందమామ" యనియు, తమిళమున "అంబులిమామ" యనియు పేర్లు పెట్టిరి. భాష మారినను మామ మారలేదు. ఆ పత్రిక నేడు వెలువడుటలేదు; అది మాసపత్రిక గనుక దాని పేరు చంద్రుడు, దాని గడువు నెల.

2022లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు సూళ్ళూరుపేటతోపాటు శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరినది. 2023 జూలై 14న అచటినుండియే చంద్రయాన్-3 బయలుదేరెను. అధిక శ్రావణ మాసమంతయు అది దారిలో గడిపి, ఆగష్టు 23వ తేదీ సాయంకాలము చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగెను. ఆనాడు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. నెలవంక పెరిగి పెరిగి సగము బింబమగుచున్న దినము. ఆ నౌకకు సంస్కృత నామమే తగినది, దేశమంతట తెలియవలెను గదా.

నెల యను మాట తన మొదటి యర్థముతో బ్రతికియున్న చోటు చూడవలెనన్న తెలుగు నేల విడువ నక్కరలేదు. తెలంగాణమునకు ఉత్తరాన ఆదిలాబాదు అడవులలో కొలాములు నివసింతురు. వారి కొలామీ భాష తెలుగునకు దాయాది. వ్రాతలేని భాష, కావ్యములు లేని భాష. సంధ్యవేళ తూర్పు కొండపైకి వచ్చు చంద్రుని జూచి కొలాము బాలుడు పలుకు మాట "నెల".